మూడు చోట్ల తెగిన గొలుసు

బెర్లిన్‌ నేషనల్ గ్యాలరీలో 114 సెంటీమీటర్ల ఎత్తు, 90 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఒక కొలాజ్, అంటే అతుకుబొమ్మ, ఉంది. 1919–20లో హన్నా హోహ్ చేసింది. అప్పుడామె ఉల్‌స్టైన్ అనే ప్రచురణ సంస్థలో కుట్టుపనుల నమూనాలు గీసే ఉద్యోగంలో ఉంది. ఆ సంస్థ వేసే సచిత్ర వారపత్రికలనూ చేతికందిన మరికొన్ని పత్రికలనూ కత్తిరించి, యుద్ధంలో ఓడిపోయిన జర్మనీని ఒక కాగితం మీద పేర్చింది. గద్దె దిగిన కైజరు మీసాల చోట ఇద్దరు మల్లయోధులు. సేనాపతి హిండెన్‌బర్గ్ తల ఒక నాట్యకత్తె ఒంటి మీద. కుడివైపు కింది మూలన పత్రికలోంచి కోసిన చిన్న పటం, ఐరోపాలో ఆడవాళ్లకు ఓటున్న దేశాలను చూపేది. దాని అంచున తన ముఖం, గోరంత. బొమ్మ పేరు చాంతాడంత. 'వంటింటి కత్తి' అందులో ఒక భాగం.

1954లో న్యూయార్క్‌లో జాస్పర్ జాన్స్ అనే ఇరవై నాలుగేళ్ల చిత్రకారుడు అమెరికా జెండా వేయడం మొదలుపెట్టాడు. వాడిన రంగు ఆరడానికి మరీ ఆలస్యమవుతోందని, రంగు కలిపిన మైనాన్ని కరిగించి, వార్తాపత్రికల పేలికలను అందులో ముంచి గుడ్డ మీద అతికించాడు. అప్పటికి అమెరికా రాష్ట్రాలు 48, బొమ్మలో నక్షత్రాలూ 48. దూరం నుంచి చూస్తే జెండా. దగ్గరికెళ్తే మైనం అడుగున వార్తల వరుసలు.

మన దేశంలో వివాన్ సుందరం 1993లో 'మెమోరియల్' చేశాడు. బొంబాయి అల్లర్లలో వీధిలో పడివున్న ఒక మనిషి శవాన్ని హోషీ జాల్ ఫొటో తీస్తే అది పత్రికలో వచ్చింది. సుందరం ఆ ఒక్క ఫొటోనే పట్టుకుని, దాని మీద మేకులు దిగ్గొట్టి, దాని చుట్టూ ఒక సమాధి స్థలమంత కట్టడం కట్టాడు. ఆ అల్లర్లపై విచారణ జరిపిన శ్రీకృష్ణ కమిషన్ లెక్కలో మృతులు 900. సుందరం ఎంచుకున్నది వాళ్లలో ఒకణ్ణి.

కళావిమర్శ నా పని కాదు. కాగితం నా పని. కాబట్టి ఈ మూడింటిలో నాకు ముందుగా కనిపించేది ముడిసరుకు. ఒక జాతి తనను తాను ఎలా చూసుకుందో తర్వాతి తరం కళాకారులు వెతుక్కునే చోటు ఆనాటి దినపత్రిక. ఒక్కరోజు బతికితే చాలుననుకుని తయారుచేసిన కాగితం అది. దాన్ని వందేళ్లు వాడుకోవాలంటే ముందుగా అది ఎలా చస్తుందో తెలియాలి.

1780లో కలకత్తాలో హికీ తన 'బెంగాల్ గెజిట్' వేసిన రోజుల్లో కాగితమంటే పాత నూలు, నార గుడ్డల గుజ్జు. ఆ పత్రిక ప్రతులు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. 1844లో జర్మనీలో కెల్లర్, నోవా స్కోషియాలో ఫెనర్టీ ఒకరికొకరు తెలియకుండానే కర్రను అరగదీసి గుజ్జు చేసే ఉపాయం కనిపెట్టారు. కాగితం చవకయింది, పత్రిక ఇంటింటికీ వచ్చింది. ఇక్కడే ఒక తిరకాసు ఉంది. గుడ్డ కాగితం దాదాపు శుద్ధమైన సెల్యులోజ్. కర్రను అలాగే అరగదీస్తే అందులోని సమస్తమూ కాగితంలోకి వస్తుంది. కర్రలో 25–30 శాతం లిగ్నిన్, అంటే నారలను ఒకదానికొకటి పట్టివుంచే సహజమైన జిగురు. దాంతోపాటు, నెమ్మదిగా వెనిగర్ ఆమ్లాన్ని వదిలే మరికొన్ని పదార్థాలు. ఫలితంగా 1810 నాటి దస్తావేజు చేతిలో గలగలమంటుంది, 1910 నాటి పత్రిక చేతిలో విరుగుతుంది.

పాత పత్రికకు రెండు వేరువేరు జబ్బులు వస్తాయి. జనం రెండింటినీ ఒకటే అనుకుంటారు. మొదటిది పసుపెక్కడం. వెలుతురు తగిలి లిగ్నిన్ మారడం వల్ల వచ్చే రంగు అది. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ ప్రాణాంతకం కాదు. రెండోదానికి రంగు లేదు. కాగితానికి బలమిచ్చే సెల్యులోజ్ గ్లూకోజ్ గింజలు గుచ్చిన పొడుగాటి దండ లాంటిది. గింజకూ గింజకూ మధ్య ఉన్న ముడి దగ్గర ఒక నీటి అణువు దూరి దాన్ని తెంపుతుంది. దీన్ని జలవిచ్ఛేదన అంటారు, నీటితో విడగొట్టడం. మామూలుగా ఇది బహు నెమ్మది. ఆమ్లం ఉంటే వేగం పెరుగుతుంది. గమనించవలసింది ఏమిటంటే, ప్రతి తెగుడుకూ నీరు ఖర్చవుతుంది, ఆమ్లం ఖర్చు కాదు. అది కోస్తూనే ఉంటుంది, అరగదు. పైగా కాగితం పాడవుతున్నకొద్దీ కొత్త ఆమ్లాలు పుట్టి పాతదానికి తోడవుతాయి.

ఎన్ని తెగితే కాగితం పోతుంది? సగటున ఒక్కో దండలో 1200 గింజలున్నాయనుకుందాం. అది రెండు మూడు వందలకు దిగితే కాగితాన్ని ఇక ముట్టుకోలేం. మడత దగ్గర, వేలు తగిలిన చోట పెళుసుగా విరుగుతుంది. ఇప్పుడు లెక్క చూడండి. ఒక చోట తెగితే సగటు పొడవు 600. రెండు చోట్ల తెగితే 400. మూడో తెగుడుతో 300. పన్నెండు వందల గింజల దండ పనికిరాకుండా పోవడానికి మూడు తెగుళ్లు చాలు. మిగిలిన పదకొండు వందల తొంభై ఆరు ముడులూ భద్రంగానే ఉంటాయి. అందుకే చూపుకు ఈ జబ్బు దొరకదు. మొదటి తెగుడు తర్వాత కూడా పత్రిక పుటలు మామూలుగానే తిరుగుతాయి. లైబ్రేరియన్ 'బాగానే ఉందండీ' అంటాడు. అబద్ధమేమీ కాదు.

అక్షరాల సంగతి వేరు. పత్రికల సిరాలో ఉన్న నల్లదనం మసి, మసి వెలిసిపోదు. వార్త చెక్కుచెదరకుండా ఉంటుంది, దాన్ని మోసే కాగితమే పొడి అవుతుంది.

ఇక వేగం. ఈ రసాయన చర్యకు వేడి ఎంత ముఖ్యమో ప్రయోగశాలల్లో చాలాసార్లు కొలిచారు. స్థూలంగా, ఉష్ణోగ్రత 5 డిగ్రీలు పెరిగితే వేగం రెట్టింపు. బ్రిటిష్ లైబ్రరీ తన పత్రికల కోసం బోస్టన్ స్పాలో కట్టిన భవనంలో ఉష్ణోగ్రత 14 డిగ్రీలు, గాలిలో తేమ 55 శాతం. నిప్పు అంటుకోకుండా గాలిలో ఆక్సిజన్ కూడా తగ్గించారు. లోపల చీకటి; బీరువాలు వరసగా పెడితే 33 కిలోమీటర్లు. మనుషులు లోపలికి పోరు, యంత్రాలే కట్టలు తెచ్చి ఇస్తాయి. మన కోస్తా ఊళ్లలో ఏడాది సగటు 28 డిగ్రీల దగ్గర ఉంటుంది. తేడా 14 డిగ్రీలు, అంటే ఇంచుమించు మూడు రెట్టింపులు. లెక్క కడితే ఏడు రెట్లు.

ఏడు రెట్లంటే ఏమిటో ఒక ఉదాహరణ. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టిన ఆంధ్రపత్రిక 1914 ఏప్రిల్ 1న మద్రాసులో దినపత్రిక అయింది. ఆ మొదటి సంచిక 14 డిగ్రీల గదిలో ఉంటే 2014 నాటికి దానికి ఎంత నష్టం జరిగేదో, 28 డిగ్రీల గదిలో అంత నష్టం 1928కే జరిగిపోతుంది. ఆ తర్వాతి ఏళ్లన్నీ అదనం.

ఈ లెక్కలో తేమను ఇంకా కలపలేదు. జలవిచ్ఛేదనకు కావలసింది నీరు. అది కాగితానికి గాలిలోంచే వస్తుంది. 1902లో కృష్ణాపత్రిక పుట్టిన మచిలీపట్నం సముద్రపు ఒడ్డు. అలాంటి ఊళ్లలో తేమ 70 శాతం దాటడం మామూలే. 65 దాటితే బూజు కూడా లేస్తుంది. చెదలూ వెండిచేపలూ ఆ పైన.

ఇలాంటి మాటలు విన్నప్పుడు జాగ్రత్తగా ఉండాలి. ఎందుకంటే పూర్వం ఇదే రకం హెచ్చరిక ఒకసారి తప్పింది. 1950ల చివర అమెరికాలో విలియం బారో 20వ శతాబ్దం తొలి సగంలో అచ్చయిన 500 పుస్తకాల కాగితాన్ని పరీక్షించి, అందులో 97 శాతం మరో 50 ఏళ్లకు మించి పనికిరావని తేల్చాడు. ఆ భయంతో లైబ్రరీలు పత్రికలను మైక్రోఫిల్ము తీసి అసళ్లను వదిలించుకున్నాయి. 1999లో బ్రిటిష్ లైబ్రరీ తన దగ్గరున్న అమెరికన్ పత్రికల బైండ్లను అమ్మకానికి పెడితే నికల్సన్ బేకర్ అనే రచయిత సొంతంగా పూనుకుని చాలావాటిని కొన్నాడు. వాటిలో పులిట్జర్ నడిపిన 'న్యూయార్క్ వరల్డ్' ఉంది. తెరిచి చూస్తే పుటలు తిరుగుతున్నాయి, ఆదివారం సంచికల రంగుబొమ్మలు రంగుల్లోనే ఉన్నాయి. ఫిల్ములో అవి నలుపూ తెలుపూ. 2001లో బేకర్ దీని మీద ఒక ఘాటైన పుస్తకమే రాశాడు. ఆ బైండ్లు ఇప్పుడు డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి.

బేకర్ చెప్పింది చాలావరకు నిజం. కాకపోతే ఆ బైండ్లు ఉన్నది చలిదేశంలో, చీకటి గదుల్లో. అక్కడ తప్పిన జోస్యం ఇక్కడ తప్పుతుందనుకోవడానికి రసాయనశాస్త్రంలో ఆధారం లేదు. అక్కడి ఏళ్లను ఏడుతో భాగించి చూడాలి.

మన దగ్గర ఏమి ఉండాలో, ఎక్కడ ఉండాలో చట్టం ఏమంటుందో చూద్దాం. ప్రచురణకర్తలు గ్రంథాలయాలకు ప్రతులు ఇచ్చి తీరాలన్న కేంద్ర చట్టం 1954లో వచ్చింది. పత్రికలను దాని కిందికి తెచ్చింది 1956 సవరణ. ఆ చట్టం కింద పుస్తకాలు అందుకునే నాలుగు గ్రంథాలయాలు కలకత్తా, మద్రాసు, బొంబాయి, ఢిల్లీల్లో ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల్లో ఒక్కటీ లేదు. తేదీలు పక్కపక్కన పెట్టండి. 1922లో ఇనుగుర్తి నుంచి తెనుగు పత్రిక. 1926లో హైదరాబాదు నుంచి సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక. 1944లో అడివి బాపిరాజు సంపాదకత్వాన మీజాన్. 1948 ఆగస్టులో ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ హత్య. 1953లో ఆంధ్ర రాష్ట్రం. మనం ఎవరమన్న వాదం అచ్చులో ఎక్కువగా సాగిన కాలమంతా ఆ సవరణకు ముందుదే. ఆ కాలపు పత్రికలు ఈపాటికి మిగిలి ఉన్నాయంటే, 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం లాంటి చోట్ల ఎవరో పూనికతో కట్టలు కట్టి దాచినందువల్ల.

పుస్తకమైతే మళ్లీ అచ్చవుతుంది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాటకు జవాబుగా ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వేశాడు. దాన్ని పునర్ముద్రించారు, దొరుకుతుంది. అదే సంవత్సరపు గోలకొండ పత్రికలోని ఉత్తరాలు, ధరల పట్టీలు, తప్పిపోయిన పిల్లల ప్రకటనలు ఎవరూ పునర్ముద్రించరు. హోహ్ లాంటి వాళ్లకు కావలసింది మాత్రం అవే.

వాటి బరువు కూడా లెక్కించవచ్చు. న్యూస్‌ప్రింట్ చదరపు మీటరుకు 42 నుంచి 49 గ్రాములు. ఎనిమిది పేజీల దినపత్రిక ఒకటి 38 గ్రాముల దాకా తూగుతుంది. ఏడాదికి 14 కిలోలు. పాతపేపర్ల వాడు కిలోకు పదిహేను రూపాయలు ఇస్తాడనుకుంటే ఒక సంవత్సరపు చరిత్ర ఖరీదు 210 రూపాయలు. జాగా చాలడం లేదన్న మాట లైబ్రరీల్లో ఎప్పుడూ వినబడుతూనే ఉంటుంది. ఆ మాట తర్వాత తక్కెడ వస్తుంది.

'స్కాన్ చేశాం కదా' అన్నది ఇప్పటి జవాబు. చేయడం మంచిదే. పాత తెలుగు పత్రికలను ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించి జనం ముందు పెట్టకపోతే ఇవాళ వాటి మీద జరుగుతున్న పరిశోధన చాలా భాగం జరిగేది కాదు. అయితే స్కాన్ దేన్ని పట్టుకుంటుంది, దేన్ని వదిలేస్తుందన్నది ఎలా తీశారన్న దాన్ని బట్టి ఉంటుంది. పత్రికలో ఫొటో నిజానికి ఫొటో కాదు, చిన్నా పెద్దా చుక్కల కూర్పు. పాత పత్రికల్లో అంగుళానికి 65 నుంచి 85 చుక్కల వరుసలు. స్థలం ఆదా కోసం ప్రతి బిందువునూ నలుపో తెలుపో ఏదో ఒకటిగా తేల్చే పద్ధతిలో స్కాన్ చేస్తే అక్షరాలు శుభ్రంగా వస్తాయి, చుక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ముఖం మసిముద్ద అవుతుంది. సుందరం చేతికి హోషీ జాల్ ఫొటో అలాంటి స్కాన్‌లో దొరికి ఉంటే అది శవమో బట్టల మూటో తేల్చుకోవడం కష్టమయ్యేది.

పోయేది బొమ్మ ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. వెతుకుపెట్టెలో పేరు కొడితే ఆ పేరున్న వార్త మాత్రమే తెర మీదికి వస్తుంది. దాని పక్క కాలమ్‌లో సబ్బు ప్రకటన ఉందో, సినిమా ప్రకటన ఉందో కనిపించదు. హోహ్ పద్ధతి మొత్తం ఆ పొరుగు మీదే నిలబడింది. పుట వెనకవైపు అచ్చు ఇవతలికి ఎంత పారింది, మడత ఎక్కడ పడింది, యుద్ధం రోజుల్లో కాగితం కరువై పత్రిక ఎంత చిక్కిపోయింది అన్నవి పట్టుకుంటేనే తెలుస్తాయి. ఫిల్ము అయినా అంతే. పాత ఎసిటేట్ ఫిల్ము అయితే తానే వెనిగర్ వాసన వేస్తూ కుళ్లుతుంది. డబ్బా మూత తీయగానే ముక్కుకు తెలుస్తుంది.

ఇక్కడ కళాకారులకు ఒక మాట. నిజం పత్రికను కోస్తేనే నిజం అనిపిస్తుందని మీలో కొందరంటారు. ఆ ఆకర్షణ నాకు అర్థమవుతుంది. కానీ హోహ్ కోసినవి ఆ వారం లక్షల్లో అచ్చయినవి. జాన్స్ మైనంలో ముంచినవి నిన్నటివి. మీరు కోయబోయేది ఎన్నో ప్రతో ముందు విచారించండి. 1943 బెంగాల్ కరువును గీసిన చిత్తప్రసాద్ పుస్తకం 'హంగ్రీ బెంగాల్' 5,000 ప్రతులనూ అప్పటి ప్రభుత్వం స్వాధీనం చేసుకుని తగలబెట్టింది. ఆయన కుటుంబం బ్యాంకు లాకరులో దాచిన ఒక ప్రతి మిగిలింది. 2011లో వచ్చిన ప్రతిరూప ముద్రణకు ఆధారం అదే.

నయం చేయడం గురించి ఆశ పెట్టుకోవద్దు. కాగితంలోని ఆమ్లాన్ని క్షారంతో విరవవచ్చు. ఇకముందు తెగబోయేవి తగ్గుతాయి, తెగిపోయినవి అతుక్కోవు. పైన పల్చని ఎసిటేట్ పొర వేయడం మన దేశంలో 1950ల నుంచి చాలా చోట్ల చేశారు. ఆ పొరా ఇందాకటి వెనిగర్ వాసన ఫిల్ము జాతిదే. సెల్లోటేపు సంగతి చెప్పనే అక్కర్లేదు. పగలు ఏసీ వేసి రాత్రి కట్టేయడం వేయకపోవడం కంటే చెడ్డ కావచ్చు. చల్లబడిన కట్ట మీదికి రాత్రి తడిగాలి వచ్చి చేరుతుంది. చేయగలిగింది చాలా చప్పగా ఉంటుంది. పడమటి ఎండ తగలని గది. కిటికీలకు మందపాటి తెర. ఆమ్లం లేని అట్టపెట్టెలో కట్టలను పడుకోబెట్టడం. బూడిదరంగు ఛాయలన్నీ పట్టేలా రెండువైపులా స్కాన్ చేసి, అసలును మళ్లీ అదే పెట్టెలో పెట్టడం. గది సగటు 5 డిగ్రీలు తగ్గించగలిగితే మిగిలిన ఆయుష్షు రెట్టింపవుతుంది. ఇంత చవకగా ఇంత లాభం ఇచ్చే మరమ్మతు నా వృత్తిలో ఇంకోటి లేదు.

ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహారదీక్ష చేసిన పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15 రాత్రి చనిపోయారు. ఆ వార్త మోసిన పత్రికలకు ఇప్పుడు 70 ఏళ్లు దాటాయి. 28 డిగ్రీల గదిలో గడిచిన 70 ఏళ్లు 14 డిగ్రీల గది లెక్కలో 490. ఆ వారపు బైండు మీ ఊరి గ్రంథాలయంలో ఉంటే తెరవకముందు ఒక పని చేయండి. గోడకు థర్మామీటర్ తగిలించి, మధ్యాహ్నం మూడింటికి ఎంత ఉందో రాసిపెట్టండి.